బెల్టు కాడ సుక్క

ఆ పొద్దు సామ్యేల్ పెట్టుకున్న పని పెద్దదేమీ కాదు. మొదటి షిఫ్టుకు పోవాలి, బెల్టు దగ్గర నిలబడి బొగ్గులో వచ్చే రాళ్ళు ఏరెయ్యాలి, షిఫ్టు దిగగానే చర్చి మీద క్రిస్మస్ చుక్క ఎక్కించాలి. వెదురు బద్దలకు ఎర్ర కాగితం అంటించి సంఘం పిల్లలు కట్టిన చుక్క అది. "తాడు నువ్వే లాగాలె సామ్యేలన్నా" అని పాస్టరు జాన్ ప్రసాద్ ఆదివారం నాడు అందరి ముందే చెప్పాడు. ఒకప్పుడు గోడ పట్టుకుని కూడా నిలబడలేని మనిషికి అది చిన్న మాట కాదు.

సామ్యేల్ తాగుడు మానేశాడు. ఈస్టరు నుంచి ముట్టలేదు. మానిపించింది దేవుడని సంఘం అంటుంది. మానిపించింది నస్పూర్ బస్సని సామ్యేల్‌కు తెలుసు. అతని తాగుడు పడలేక భార్య లిడియా నస్పూర్‌లో ఉన్న అక్క దగ్గరికి పోయి, చాలా రోజులు అక్కడే ఉండి, పదిమంది బతిమాలితే తిరిగి వచ్చింది. వచ్చిన రోజు గడప దాటకుండా బయటే నిలబడి చెప్పింది.

"ఇగో ఇను. నీ గొంతుల ఒక్క సుక్క పడ్డదని తెలిసిందా, మల్ల అదే బస్సెక్కుత. ఈసారి ఎవలు మొక్కినా దిగ."

లిడియా అన్నదంటే అన్నదే. ఉత్తుత్తి బెదిరింపులు ఆమెకు చేతకావు. ఆమె లేని ఆ రోజుల్లో సామ్యేల్ వండిన అన్నాన్ని కాలనీ కుక్కలు వాసన చూసి పక్కకు పోయాయి. అన్నం సంగతి అటుంచి, క్వార్టరులో మాట్లాడే దిక్కు లేక అతను టీవీలో వార్తలు చదివే ఆమెకు జవాబులు చెప్పేవాడు. అందుకని ఆ బస్సు పేరు వింటే చాలు, అతని గొంతు దానంతట అదే ఎండిపోతుంది.

తెల్లవారకముందే లిడియా సద్ది కట్టిచ్చింది. జొన్నరొట్టె, చింతకాయ తొక్కు, ఒక ఉల్లిగడ్డ. "జల్ది రా. చర్చి కాడ అయ్యగారు నీ కోసం సూస్తుంటడు" అంది. సామ్యేల్ తలూపి బండెక్కాడు. చలి ఎముకలు కొరుకుతోంది. సెంటినరీ కాలనీ నుంచి బెల్టు దాకా దారిలో మనిషి జాడ లేదు.

అతను ఇనుప మెట్లెక్కి పైన తన చోటులో నిలబడే సరికి బెల్టు ఇంకా తిరగడం లేదు. సద్ది సంచి కొక్కేనికి తగిలించి, చేతులకు గ్లౌజులు తొడుక్కుంటున్నాడు. ఉన్నట్టుండి గ్లౌజు మీద కుట్లు కనిపించాయి. లైటు వెయ్యకముందే కుట్లు ఎట్లా కనిపిస్తున్నాయని తల ఎత్తాడు.

నెత్తిమీద ఆకాశం కాలుతోంది. చింతగింజంత వెలుగు చూస్తుండగానే గుమ్మడికాయంత అయింది. మొదట ఆకుపచ్చగా ఉంది, తర్వాత వెల్డింగు పెట్టినట్టు తెల్లగా మండి, వెనక నిప్పులు రాలుస్తూ తూర్పుకు జారింది. ఓపెన్‌కాస్టు గని పక్కన కొండలా పోసిన మట్టిగుట్ట మొత్తం పట్టపగలులా వెలిగింది. దాని మీది తుమ్మచెట్లను లెక్కపెట్టవచ్చు. సామ్యేల్ నీడ ముందు నుంచి కదిలి, కాళ్ళ కిందికి వచ్చి, వెనక్కి పోయి పడుకుంది. తన నీడ తన చుట్టూ తిరగడం అతను తాగిన రోజుల్లో కూడా చూడలేదు. వెలుగు మట్టిగుట్ట వెనక్కి దిగి ఆరిపోయింది. కాసేపటికి దడేల్‌మని చప్పుడు వచ్చి ఇనుప మెట్లు గజగజలాడాయి.

ఇంకో ఊరిలో అయితే జనం పిల్లలను చంకనేసుకుని బయటికి ఉరికేవారు. ఇక్కడ రోజూ గనిలో పేల్చే బ్లాస్టింగుకు గిన్నెలు కింద పడేవే, గోడలు పగిలేవే. నిద్రలో ఉన్నవాళ్ళు "ఇయ్యాల పొద్దుగాలనే పెట్టిండ్రేంది" అని గొణిగి అటు తిరిగి పడుకున్నారు. నల్లాల దగ్గర ఉన్నవాళ్ళు కరెంటు ఒకసారి పోయి వచ్చిందనుకుని బిందెలు చూసుకున్నారు. తల ఎత్తి చూసినవాడు సామ్యేల్ ఒక్కడే.

అంత వింత చూసి ఎవరికీ చెప్పకుండా ఎవడు ఉండగలడు? గ్లౌజు పీకేసి లిడియాకు ఫోను కొట్టాడు.

"లిడియా! నేనే! బెల్టు కాడున్న. సుక్క పడ్డదే!"

లిడియా నల్లా దగ్గర బిందె నింపుతోంది. "ఏంది? యాడున్నవ్?"

"బెల్టు కాడ! సుక్క పడ్డది అంటున్న! ఉట్టి సుక్క గాదు, గింత పెద్దది! కండ్లు బైర్లు కమ్మినయ్, కాళ్ళు ఒక్క తీరుగ ఒణుకుతున్నయ్. సంపత్ గాడు సుత ఉంటే మస్తుండు, ఆడింక రాలే. నేనొక్కన్నే..."

అంతలో సైరన్ మోగి బెల్టు కదిలింది. ఆ మోతలో దేవుడు పిలిచినా వినపడదు. సామ్యేల్ ఫోనును సద్ది సంచిలో పడేసి రాళ్ళు ఏరడం మొదలుపెట్టాడు. మనసులో బరువు దించుకున్నట్టయింది. పెళ్ళానికి చెప్పేశాడు కదా.

అతను దించుకున్న బరువు పోయి లిడియా నెత్తిన పడింది. ఆ ప్రాంతంలో బెల్టు అంటే రెండున్నాయి. ఒకటి బొగ్గు మోసేది. రెండోది బోర్డు లేకుండా, ఇంటి వెనక గదిలో సీసాలు అమ్మే బెల్టు దుకాణం. మొదటిదానికి వేళ ఉంటుంది, సైరన్ ఉంటుంది. రెండోదానికి అవేవీ ఉండవు, తలుపు తడితే చాలు. చుక్క సంగతి చెప్పనే అక్కరలేదు. చుక్క ముగ్గేసే ఆడవాళ్ళకు వాకిట్లో ఉంటుంది, పంచాంగం చెప్పే అయ్యవార్లకు ఆకాశంలో ఉంటుంది. తాగి మానేసిన మనిషి పెళ్ళానికి చుక్క అంటే ఒకటే చుక్క. అది పడేది గొంతులోనే.

లిడియా బిందె నిండి నీళ్ళు కాళ్ళ మీదుగా పోతున్నా కదలలేదు. పక్క క్వార్టరు పూలమ్మ చూసింది. ఇరుగుపొరుగు కష్టాలు వినడంలో పూలమ్మను మించినవారు లేరు. కష్టం చెప్పేవాళ్ళకన్నా ముందే ఆమె కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి.

"ఏమైందే అక్కా? గట్ల రాయిలెక్క నిలవడ్డవ్?"

"మాయన బెల్టు కాడున్నడట. సుక్క పడ్డదట."

"గింత పొద్దుగాలనా? బెల్టు దుకాణపోడు ఇంక మొకం సుత కడిగి ఉండడు గద!"

"ఒక్కడే ఏసుకున్నడట. గింత పెద్దదట. కాళ్ళు ఒణుకుతున్నయట. పైకెళ్ళి సంపత్ లేడని బాధ పడుతుండు."

"తిరిగే కాలు, తిట్టే నోరు ఊకుంటయా అక్కా. నేను నీకు అప్పుడే జెప్పిన." పూలమ్మ అప్పుడు చెప్పిందేమీ లేదు. అయినా అట్లా అనడం ఆమెకు అలవాటు.

లిడియా తిరిగి ఫోను కొట్టింది. అది సద్ది సంచిలో జొన్నరొట్టెకు వినిపించేలా మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ కొట్టింది. తాగినవాడు ఫోను ఎత్తడు, అది ఆమెకు పాత అనుభవమే. ఇక ఏడుస్తూ పాస్టరుకు కొట్టింది.

జాన్ ప్రసాద్ అప్పుడే పళ్ళు తోముకుంటున్నాడు.

"అయ్యగారూ, వందనాలు. సుక్క పడ్డదట అయ్యగారూ."

పాస్టరు నోట్లోంచి బ్రష్షు తీశాడు. రాత్రే కదా పిల్లలు చుక్క కట్టడం పూర్తి చేసి చర్చి గోడకు ఆనించి పోయారు. "అయ్యో! ఎట్ల పడ్డది?"

"ఎట్ల పడ్డదంటే ఏం జెప్పాలె. మాయన ఒక్కడే ఏసుకున్నడట."

"మీద ఏసుకున్నడా? దెబ్బలు తాకినయా?"

"కండ్లు బైర్లు కమ్మినయట, కాళ్ళు ఒణుకుతున్నయట."

"ఒణకవా మరి! గంత పెద్దదాన్ని ఒక్కడే పట్టొచ్చునా? సాయంత్రం దాంక ఆగకపోయిండా? నలుగురు కలిసి ఎక్కిద్దామంటిమి గద!"

లిడియాకు ఏడుపు ఆగిపోయింది. "నలుగురా? మీరు సుతనా అయ్యగారూ?"

"నేను లేకుండ ఎట్లమ్మా? ప్రార్థన జేసేది నేనే గద. ఇంతకు అది ఎక్కినంక పడ్డదా, ఎక్కకముందే పడ్డదా?"

"పడ్డంకనే గద అయ్యగారూ ఎక్కేది!"

"సరే, ఏడువకు. చిరిగితే చిరిగె. మైదా ఉడకపెట్టుకొని వస్తున్న. అతికిద్దాం."

"ఎన్నిసార్లు అతికిస్తరు అయ్యగారూ, ఇది అతికేది గాదు" అని లిడియా ఫోను పెట్టేసింది.

పాస్టరు మైదా పిండి ఉడికించి, బకెట్టులో పోసుకుని, స్కూటరు మీద చర్చికి ఉరికాడు. చుక్క గోడకు ఆనుకుని కొత్త పెళ్ళికొడుకులా నిలబడి ఉంది. కాగితం మీద గీత కూడా లేదు. పాస్టరు బకెట్టు పట్టుకుని దాని చుట్టూ తిరిగాడు. తర్వాత మెట్ల మీద కూర్చుని, లిడియా మాటలను ఒక్కొక్కటే మళ్ళీ తలుచుకున్నాడు. 'పడ్డంకనే ఎక్కేది' అన్న చోట ఆగాడు. అప్పుడు అర్థమైంది, ఏ చుక్క పడిందో. పిండి బకెట్టులోనే గడ్డకట్టింది.

ఇటు బెల్టు దగ్గర సంపత్ ఆలస్యంగా వచ్చాడు. సామ్యేల్‌తో పాటు రాళ్ళు ఏరే మనిషే. మంచివాడే కానీ నోట్లో నువ్వుగింజ నానదు. చాయ్ తాగే వేళ బెల్టు ఆపినప్పుడు సామ్యేల్ జరిగింది చెప్పాడు.

"నిజంగనా అన్నా? ఎటు దిక్కు పడ్డది?"

సామ్యేల్ చేత్తో మట్టిగుట్ట వైపు చూపించాడు. "అగో, దానెనుక. యాడ పడ్డదో ఏమో. మస్తు దూరం పోయి ఉంటది."

ఆ రెండో ముక్క సంపత్ చెవికి ఎక్కలేదు. చాయ్ గ్లాసు కింద పెట్టకుండానే షిఫ్టువాళ్ళ వాట్సాప్ గ్రూపులో మాట్లాడి పెట్టాడు. "భాయ్, మన సామ్యేలన్న సూస్తుండంగనే సుక్క రాలి మట్టిగుట్ట ఎనుక పడ్డది. సుక్క రాయి బంగారం కన్న పిరమట. దొరికినోని దశ తిరిగినట్టే."

ఆ మాట సంపత్ దగ్గర బయలుదేరినప్పుడు చిన్నదే. ఒక్కో ఫోను దాటేకొద్దీ పెరిగింది. గోదావరిఖని చేరేసరికి రాయి ఇంకా ఎర్రగా కాలుతూ ఉంది. దాని మీద ఎవరో చాయ్ కాచుకున్నారు కూడా. తిరిగి సంపత్ ఫోనుకు వచ్చేసరికి రాయి ఏనుగంత అయింది. సంపత్ దాన్ని చూసి నోరు తెరిచి, "నేను అనుకున్నదానికన్న పెద్దదేనట" అని ఇంకో నలుగురికి పంపాడు. షిఫ్టు అయ్యేదాకా ఆగలేక కడుపునొప్పి అని చెప్పి వెళ్ళిపోయాడు.

సామ్యేల్‌కు ఇవేమీ తెలియవు. రొట్టె తిన్నాడు, ఉల్లిగడ్డ నమిలాడు, మళ్ళీ రాళ్ళు ఏరాడు. షిఫ్టు దిగి గేటు దాటేసరికి ఎదురుగా లిడియా నిలబడి ఉంది. చేతిలో బట్టల సంచి. ఆమె పక్కన స్కూటరు మీద బకెట్టుతో పాస్టరు. వెనక సాక్ష్యానికి పూలమ్మ.

సంచి చూడగానే సామ్యేల్ కళ్ళ ముందు నస్పూర్ బస్సు కనిపించింది. "ఏంది లిడియా? యాడికి?"

"యాడికో నీకెరుకలేదా? ఇగో తాళంచెవి. అంట్లు తోమి బోర్లిచ్చిన. బియ్యం డబ్బాల ఉన్నయ్. కుక్కలకు ఎయ్యకు, పాపం."

"నేనేం జేసిన?"

"పొద్దుగాల ఫోను జేసి గొప్పగ నువ్వే జెప్తివి గద. బెల్టు కాడ సుక్క పడ్డదని!"

"పడ్డది మరి! నా కండ్లతోటి సూసిన!"

"కండ్లతోటి సూసుడేంది, గొంతుల పోసుకుంటివి!"

సామ్యేల్‌కు అప్పుడు వెలిగింది. "ఓర్నీ! గా సుక్క గాదే! ఆకాశంల సుక్క! నెత్తిమీదికెళ్ళి పోయి గుట్టెనుక పడ్డది! నా నీడ నా సుట్టు తిరిగింది!"

పూలమ్మ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఎక్కినోనికి సుక్కలు ఆకాశంల గాక అటుక మీద కనపడ్తయా? నీడ తిరిగిందట, ఇల్లు తిరగలేదు నయం."

"నేను ముట్టలే లిడియా. ఒట్టు. బైబిల్ మీద ఒట్టు. ముట్టలే."

"ఏదీ, నోరు ఊదు."

సామ్యేల్ ఊదాడు. లిడియా ముక్కు ముడిచింది. "ఉల్లిగడ్డ! కంపు దాసనీకి ఉల్లిగడ్డ నములుడు, గీ కత నాకు కొత్తనా?"

"సద్దిల నువ్వే పెడ్తివి గదనే!"

"పెట్టింది తిననీకి. దాసుకోనీకి గాదు."

పాస్టరు దగ్గరికి వచ్చాడు. ఏదో ఒకటి మాట్లాడాలి కదా. "సామ్యేలన్నా, నువ్వు సూసిన సుక్క ఎటు దిక్కు ఉండె?"

"తూర్పు దిక్కు అయ్యగారూ."

పాస్టరు ముఖం మారిపోయింది. డిసెంబరు నెల. తూర్పు దిక్కు. చుక్క. చెయ్యి గుండె మీద పెట్టుకున్నాడు. "అన్నా, అది పోయిందా, యాడనన్న ఆగిందా?"

"ఆగుడేంది అయ్యగారూ, దడేల్‌మని పడ్డది."

"పడితే ఇది ఆ సుక్క గాదు" అని పాస్టరు చెయ్యి దించుకున్నాడు. బైబిల్ వాక్యంలో చుక్క యేసు పుట్టిన చోటి మీద ఆగింది కానీ పడలేదు.

సామ్యేల్ మరి పదిసార్లు ముట్టలే అన్నాడు. అన్నకొద్దీ లిడియా ముఖం గట్టిపడింది. ఆమె సంచి ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుని రోడ్డు వైపు తిరిగింది. అంతలో ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగు చూసుకునే ఓవర్‌మన్ సదానందం జీపు వచ్చి వాళ్ళ ముందే గీసుకుంటూ ఆగింది. అతని చొక్కా చలికాలంలో కూడా చెమటకు తడిసిపోయి ఉంది.

"సామ్యేలన్నా, నువ్వేనా సుక్కను సూసింది?"

"నువ్వన్న నమ్ముతున్నవా సదన్నా!" అని సామ్యేల్ సంతోషపడ్డాడు.

"నేనొక్కన్ని గాదు, కాలనీ కాలనీ నమ్మింది! మట్టిగుట్ట నిండ జనం! గుట్ట అవతల రంధ్రాల మందు నింపి పెట్టినం, నింపినంక పేల్చక ఆపరాదు, బ్లాస్టింగు టైమయింది. గార్డు సీటి ఊది ఊది పండ్లు కదిలినయి. ఒక్కడు దిగుతలేడు. నీ పేరే జెప్తుండ్రు. నువ్వే వచ్చి దిగుమనాలె. ఒక్క రాయి ఎగిరొచ్చి ఎవని నెత్తి మీద పడ్డా పానం పోతది!"

సామ్యేల్ జీపెక్కాడు. పాస్టరూ ఎక్కాడు. పూలమ్మ అందరికన్నా ముందే ఎక్కింది. లిడియా కదలలేదు. సదానందం "అక్కా, ఎక్కు, బస్టాండు కాడ నేనే దింపుత" అంటే, సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

మట్టిగుట్ట మీద జాతరలా ఉంది. చేటలున్నవాళ్ళు చేటలతో, జల్లెడలున్నవాళ్ళు జల్లెడలతో మట్టి చెరుగుతున్నారు. ఒకడు పాత స్పీకరులోంచి పీకిన అయస్కాంతాన్ని దారానికి కట్టి నేల మీద ఈడ్చుకుంటూ పోతున్నాడు. మిర్చి బజ్జీల బండి కూడా గుట్ట కిందికి వచ్చేసింది. సామ్యేల్ కనిపించగానే అందరూ మీద పడ్డారు.

"కాకా, ఇది సుక్కనేనా సూడు!"

"అన్నా, నాది సూడు, నల్లగున్నది, బరువున్నది!"

బొగ్గు ఏరుకుని బతికే ముసలామె లస్మవ్వ చేటెడు రాళ్ళు తెచ్చి ముందు పెట్టింది. "ఏండ్లకేండ్లు బెల్టు మీద రాళ్ళు ఏరినోనివి బిడ్డా. నీకు గాక ఎవలకు ఎరుక?"

"ఇవన్ని ఉట్టి రాళ్ళే అవ్వా. సుక్క ఈడ పడలే. గుట్ట దాటి ఎటో పోయింది. దిగుండ్రి, బ్లాస్టింగు టైమయింది."

జనం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అందరికన్నా ముందు వచ్చి మోకాళ్ళ దాకా గుంత తవ్విన సంపత్, గుంతలోంచే అరిచాడు. "అన్నా, పొద్దుగాల ఈడనే అంటివి, ఇప్పుడు ఎటో పోయిందంటున్నవ్! మమ్ముల దింపి నువ్వొక్కనివే ఎత్తుకపోదామనా?"

"నీకు కడుపునొప్పి గాదురా?"

"తగ్గింది!"

సదానందం చేతి మైకు అందుకున్నాడు. "అందరు దిగుండ్రి! ఇది కంపెనీ జాగ! ఈడ ఉండొద్దు!"

దాంతో ఉన్న కొంచెం అనుమానం కూడా పోయింది. "కంపెనీ దిగుమంటున్నదంటే సుక్క ఈడనే ఉన్నట్టు!" అని ఎవరో అన్నారు. దిగబోయినవాళ్ళు సైతం మళ్ళీ పైకెక్కారు. మొదటి సైరన్ మోగింది. ఎవరూ తల ఎత్తలేదు. రోజూ వినే సైరనే కదా. సదానందం నెత్తి పట్టుకుని మట్టిలో కూలబడ్డాడు.

సామ్యేల్ చూశాడు. లస్మవ్వ చేట చెరుగుతూనే ఉంది. నిజం చెబితే వీళ్ళు వినరు. దిగమంటే ఇంకా ఎక్కుతున్నారు. చుక్క లేదంటే తప్ప దిగరు. చూసినవాడే లేదని చెప్పాలి. కళ్ళారా చూసినవాడు చూడలేదని ఎట్లా చెబుతాడు? దానికి ఒకే ఒక్క దారి ఉంది. ఆ దారి చివర నస్పూర్ బస్సు ఆగి ఉంది. గుట్ట కింద లిడియా సంచి పట్టుకుని తన వైపే చూస్తోంది. సామ్యేల్ ఆమె వైపు ఒకసారి చూసి, కళ్ళు దించుకుని, సదానందం చేతిలో మైకు తీసుకున్నాడు.

"అందరు ఇనుండ్రి. సుక్క లేదు, సున్నం లేదు. నేను పొద్దుగాల తాగిన."

గుట్ట మీద జల్లెడలు ఆగిపోయాయి.

"ఏంది కాకా?"

"తాగిన అంటున్న. నిండ తాగిన. ఆ మబ్బుల ఏం సూసిన్నో ఏమో."

"యాడ తాగినవ్?"

సామ్యేల్ మైకు నోటికి దగ్గరగా పెట్టుకున్నాడు. "బెల్టు కాడ."

"నేను జెప్పలే!" అని కింద నుంచి పూలమ్మ గొంతు వినిపించింది.

ఇక చూడాలి గుట్ట దిగిన తీరు. పిలిస్తే రానివాళ్ళు, మొక్కితే కదలనివాళ్ళు, తిట్టుకుంటూ గబగబా దిగిపోయారు. "తాగుబోతోని మాట వట్టుకొని డ్యూటీ ఖరాబ్ జేసుకుంటిమి" అని ఒకడు, "క్రిస్మస్ ముంగట సుత సిగ్గులేదు" అని ఇంకొకడు. లస్మవ్వ చేట బోర్లించి, "పాడుగాను, మల్ల మొదలువెట్టినవా బిడ్డా" అని బుగ్గలు నొక్కుకుంటూ పోయింది. సంపత్ గుంతలోంచి పైకి రావడానికి సామ్యేల్ చెయ్యి అందిస్తే దులిపేసుకున్నాడు. "మందిల నా ఇజ్జత్ తీసినవ్ అన్నా. తాగినప్పుడు నాకు జెప్పొద్దా?" పాస్టరు మాత్రం ఎవరితోనూ మాట్లాడకుండా, తల వంచుకుని నడుచుకుంటూ పోయాడు.

చివరి మనిషి దూరం పోయాక సదానందం రెండో సైరన్ వేయించాడు. గుట్ట అవతల నేల అదిరింది. దుమ్ము లేచి ఎండను కప్పేసింది. ఎవరికీ గీత పడలేదు.

దుమ్ము అణిగాక సామ్యేల్ లిడియా దగ్గరికి వచ్చాడు. ఆమె అక్కడే నిలబడి ఉంది. ఇక చెప్పుకోవడానికి ఏముంది? మైకులో చెప్పాడు, కాలనీ అంతా విన్నది. మాట్లాడకుండా వంగి ఆమె సంచి ఎత్తుకున్నాడు.

"దా. బస్టాండు దాంక మోస్త."

లిడియా కదలలేదు. అతని ముఖంలోకి చూసింది.

"నువ్వు తాగలే."

"ఇప్పుడే మైకుల జెప్పిన గదనే."

"గందుకే అంటున్న. పెండ్లయిన కాడికెళ్ళి సూస్తున్న నిన్ను. మోరీల పడ్డనాడు ముట్టలే అన్నవ్. సీసా సంకల వెట్టుకొని సుత ముట్టలే అన్నవ్. మా నాయిన సచ్చిన్నాడు పాడె మోసుకుంట తూలుకుంట ముట్టలే అన్నవ్. తాగిన అని నీ నోట ఎన్నడన్న వచ్చిందా? తాగినోడు తాగిన అంటడా?"

"మరి గేటు కాడికెళ్ళి ముట్టలే, ముట్టలే అని మొత్తుకుంటే నమ్మకపోతివి?"

"గట్ల మొత్తుకున్నందుకే నమ్మలే" అంది లిడియా. అతని చేతిలో సంచి లాక్కుని, "నడువు. పొయ్యి మీద ఏం లేదు. పోయి వండాలె" అని క్వార్టరు దారి పట్టింది. సామ్యేల్ వెనకే నడిచాడు. దారిలో ఎదురైనవాళ్ళందరూ అతన్ని చూసి ముఖం తిప్పుకున్నారు. అతనికి అది కూడా బాగానే ఉంది.

మర్నాడు పేపరు వచ్చింది. తెల్లవారుజామున ఆకాశంలో పెద్ద వెలుగు కనబడిందని, జైపూర్ దిక్కు పొలాల్లో నీళ్ళు పెట్టేవాళ్ళు చూశారని అందులో ఉంది. పూలమ్మ ఆ పేపరు పట్టుకుని, "నేను అప్పుడే అన్న, మా అన్న అసొంటోడు గాదని" అని క్వార్టరు క్వార్టరుకు తిరిగింది. సంపత్ పార పట్టుకుని జైపూర్ పోయాడు.

సంఘం పెద్దలు మాత్రం చర్చిలో కూర్చుని చాలాసేపు తర్జనభర్జన పడ్డారు. సామ్యేల్ తాగి ఉంటే అది పాపం. తాగకుండా తాగానని చెప్పి ఉంటే అబద్ధం, అదీ పాపమే, పైగా మైకులో. ప్రాణాలు కాపాడటానికి చెప్పిందే కదా అని పాస్టరు అన్నాడు గానీ, పెద్దలకు రెండిట్లో ఏదైనా పాపంగానే తేలింది. చర్చి మీద చుక్క ఎక్కింది, తాడు వేరేవాళ్ళు లాగారు. ప్రభువు బల్ల దగ్గర పంచే రొట్టె, ద్రాక్షరసంలో వాటా ఇవ్వకుండా కొన్ని ఆదివారాలు సామ్యేల్‌ను ఆపాలని తీర్మానం అయింది.

తాగినన్ని ఏళ్ళూ ముట్టలేదంటే సరేనని బల్ల దగ్గర కూర్చోబెట్టిన సంఘం, తాగని ఆ ఒక్క పొద్దుకు అతన్ని బయట కూర్చోబెట్టింది.